మా మామగారికి కొత్త సినిమా చేతితో పట్టుకునేలా కావాలట. ఎక్కడ దొరుకుతుంది?

మలక్‌పేట అల్లుడు:

అందరికీ నమస్కారం. హైదరాబాదులో కొత్త తెలుగు సినిమా డిస్కు ఎక్కడైనా దొరుకుతుందా? నవ్వకండి. ప్రశ్న నాది కాదు, మా మామగారిది.

ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఉండేది సీతాఫల్‌మండిలో. 2022 జనవరిలో రైల్వే వాళ్లు గార్డు అన్న పేరు తీసేసి ట్రైన్ మేనేజరు అని మార్చారు గానీ, ఆ ఉత్తర్వు మా మామగారి గడప దాటి లోపలికి రాలేదు. వయసు 76. కళ్లు బాగున్నాయి, చెవులు బాగున్నాయి, చేతి గడియారం అన్నిటికంటే బాగుంది. ఏ సినిమా చూసినా ఎన్నింటికి మొదలైంది, విశ్రాంతి ఎప్పుడు ఇచ్చారు, ఎన్నింటికి ముగిసింది అన్నవి డైరీలో రాస్తారు. కథ ఎలా ఉందో మాత్రం రాయరు. అది ఆయన పరిధిలోకి రాదట.

పోయిన దీపావళికి పెద్ద టీవీ కొని, రెండు ఓటీటీలకు డబ్బు కట్టి, రిమోటు ఆయన చేతిలో పెట్టాను. మొదటి రాత్రే గొడవ. సినిమా తెలుగుదే, హీరో మనవాడే, నోరు తెరిస్తే హిందీ. మామగారు కాసేపు ఓపిక పట్టి, "వీడికి ఏమైనా జబ్బు చేసిందా?" అని అడిగారు. భాష మార్చుకోవాలని నేను ఫోనులో చెప్పేసరికి సినిమా సగం అయిపోయింది. ఆ సగమూ డైరీలో "భాష తెలియరాలేదు" అని నమోదైంది.

తర్వాత నెలలో ఇంకొకటి. రాత్రి ఒక పాత సినిమా సగం చూసి పడుకున్నారు. మర్నాడు చూస్తే లేదు. హక్కుల గడువు తీరి తీసేశారని నాకు తెలుసు. ఆయనకు ఎలా చెప్పను? "నిన్న ఇక్కడే ఉంది కదా" అంటూ టీవీ వెనక్కు కూడా తొంగి చూశారు. ఆ రోజు తీర్పు ఇచ్చేశారు: "అల్లుడూ, నెలనెలా అద్దె కట్టేది ఇంటికి. సినిమా కొంటే బీరువాలో ఉండాలి."

ఆయన దగ్గర డీవీడీ ప్లేయరు ఉంది. డిస్కు పెట్టే పళ్లెం బయటికి రావాలంటే కుడి పక్కన అరచేత్తో ఒక్కటి వెయ్యాలి. ఎంత గట్టిగా వెయ్యాలో ఇంట్లో ఆయనకు, మా అత్తగారికి మాత్రమే తెలుసు. డిస్కులన్నీ ఉద్యోగంలో ఉన్నప్పటి నల్ల రేకు పెట్టెలో ఉంటాయి. ఎర్ర జెండా, పచ్చ జెండా పెట్టుకునే పెట్టె అది. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంటుంది. ఆ పెట్టెలో ఏమేమి ఉన్నాయో పాతికేళ్లుగా మా ఆవిడకే తెలియదు, నాకేం తెలుస్తుంది?

మా బావమరిది డాలస్‌లో ఉంటాడు. అక్కడి నుంచి డిస్కు పంపిస్తానంటున్నాడు. అది ఇక్కడ ఆడుతుందా?

ఇంకొక చిన్న సందేహం, ఇదీ మామగారిదే. 2006లో ఒక సినిమాను ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో చూసినప్పుడు ఆయన డైరీ ప్రకారం 2 గంటల 30 నిమిషాలు నడిచింది. తర్వాత అదే సినిమా వీసీడీ అద్దెకు తెచ్చి ఇంట్లో చూస్తే 2 గంటల 24 నిమిషాలకే అయిపోయింది. పాటలన్నీ ఉన్నాయి, ఫైట్లన్నీ ఉన్నాయి. మరి ఆ 6 నిమిషాలు ఎవరు కోసుకున్నారు? ఇప్పటికీ పండగలకు ఈ సంగతి ఎత్తుతారు. సమాధానం తెలిసినవారు చెప్పి పుణ్యం కట్టుకోండి.

టికెట్టు దొరకనివాడు:

ఈ కాలంలో డిస్కు ఏమిటి సార్? కొత్త సినిమా విడుదలైన రోజు సాయంత్రానికే ఫోనులోకి వచ్చేస్తుంది. లింకు పంపమంటారా? ప్రింటు స్పష్టంగా ఉంది. మధ్యలో ఒకాయన లేచి వెళ్తాడు, అంతే.

రీలుపురుగు:

పైన లింకు ఇస్తానన్న మిత్రుడికి ముందుగా ఒక మాట. సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని 2023లో సవరించారు. హాలులో సినిమాను దొంగచాటుగా చిత్రీకరిస్తే 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు. జరిమానా 3 లక్షల రూపాయల దగ్గర మొదలై ఆ సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా వెళ్లగలదు. మన సినిమాల బడ్జెట్లు మీకు తెలియనివి కావు. ఆ లేచి వెళ్లిన ఒకాయనే నయం.

ఇక అల్లుడు గారికి. డాలస్ డిస్కు సంగతి ముందు చూద్దాం. డీవీడీకి ప్రాంతాలవారీగా తాళం వేశారు. అమెరికాది 1, మనది 5. బ్లూరేలో అమెరికా ఎ, మనం సి. అక్కడ అమ్మే హాలీవుడ్ డీవీడీ తెచ్చి మీ ప్లేయరులో పెడితే చాలావరకు "ప్రాంతం తప్పు" అని తెర మీద పడుతుంది. అరచేతి దెబ్బకు లొంగే తాళం కాదది. అయితే ప్రవాసుల కోసం వేసిన తెలుగు డీవీడీల్లో చాలావాటికి ఈ తాళం ఉండేది కాదు. 4కె బ్లూరే డిస్కులకైతే అసలు ప్రాంతమే లేదు, కానీ వాటికి వేరే ప్లేయరు కావాలి, దాని ధరకు మామగారు ఒప్పుకోరు.

కొత్త తెలుగు సినిమా డిస్కుగా రావడం దాదాపు ఆగిపోయింది. ఒకప్పుడు మోజర్ బేర్ అనే డిస్కుల కంపెనీ వాళ్లు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మారు. దొంగ డిస్కు వాడి కడుపు మీద కొట్టిన ధర అది. ఆ తర్వాత ఇంటర్నెట్టు వచ్చి ఇద్దరి కడుపూ కొట్టింది. అమెరికాలో టపాలో డిస్కులు పంపడంతో మొదలైన నెట్‌ఫ్లిక్సే 2023 సెప్టెంబరు 29న చివరి డిస్కు పంపి ఆ కొట్టు కట్టేసింది. ఇక కోఠీలో మీకు ఎవరిస్తారు?

వెళ్లి తీరాలంటే ఒక చిట్కా. డిస్కు కొనేముందు తిరగేసి చూడండి. అడుగు వెండిలా మెరిస్తే కర్మాగారంలో అచ్చువేసింది. ఊదారంగు జీర కనిపిస్తే ఎవరో ఇంట్లో కంప్యూటర్ మీద కాల్చింది. రెండోది ఎండ తగిలితే కొన్నేళ్లకు ఏమీ మిగలదు.

ఇప్పుడు మీ మామగారి 6 నిమిషాలు. మనిషి గట్టివాడు, ముందు ఆయనకు నమస్కారం చెప్పండి. హాలులో సినిమా సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. మన దేశపు టీవీ పద్ధతి పాల్, అది సెకనుకు 25 బొమ్మలు. 24ను 25గా మార్చడానికి మన వాళ్లు ఎంచుకున్న సులువైన దారి, సినిమాను కాస్త వేగంగా తిప్పెయ్యడం. 150 నిమిషాల సినిమాలో 2,16,000 బొమ్మలు ఉంటాయి. వాటిని 25 చొప్పున తిప్పితే సరిగ్గా 144 నిమిషాలు, అంటే 2 గంటల 24. ఒక్క బొమ్మ పోలేదు, ఒక్క మాట పోలేదు. హీరో గొంతు మాత్రం అర స్వరానికి కాస్త తక్కువగా పైకి వెళ్లి ఉంటుంది. దానివల్ల ఇంకో లాభం కూడా కలిగింది. వీసీడీ డిస్కులో మామూలుగా పట్టేది 74 నిమిషాలు. రెండు డిస్కులకు 148. 150 నిమిషాల సినిమా పట్టదు, 144 నిమిషాలది పడుతుంది!

వంటింటి విమర్శకురాలు:

నాకు డిస్కుల సంగతి తెలియదు గానీ, అల్లుడు గారి ఇంట్లో జరిగిందే మా కూకట్‌పల్లి ఇంట్లోనూ జరుగుతోంది. మా అత్తగారు సినిమా మొదట్లో మూలన పడే అక్షరాలు వదలకుండా చదువుతారు. 13 ప్లస్, 16 ప్లస్ అని వయసు, పక్కన హింస, మద్యపానం, బూతులు, భయం... టిఫిను హోటల్లో బోర్డు చదివినట్లు పైనుంచి కిందకు చదివి, "ఈ వేళ భయం లేదా?" అంటారు. దయ్యాల సినిమా అంటే ఆవిడకు ప్రాణం.

నా గోల ఉపశీర్షికలది. మా పాప తెలుగు సినిమానే ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకుని చూస్తుంది. హీరోయిను "నీ తలకాయ!" అని విసుక్కుంటే అడుగున ఆ అవయవం పేరు పడుతుంది. మొన్న ఒక తండ్రి పాత్ర "తాడో పేడో తేల్చుకుంటాను" అని గర్జించాడు. అడుగున ఒక తాడూ, ఆవు పేడా ప్రత్యక్షమయ్యాయి. ఆ రెండిటితో ఆయన ఏం చేయబోతున్నాడా అని పాప భయపడి నన్ను అడిగింది. "భయం" అని బోర్డులో రాయాల్సింది దీనికి.

రామ్‌నగర్ క్యాసెట్ల బాబాయి:

అల్లుడుగారూ, మీ మామగారి పక్షం వహించడానికి నాకంటే తగినవాడు ఈ ఊళ్లో దొరకడు. రామ్‌నగర్‌లో 1987 నుంచి 2008 దాకా వీడియో లైబ్రరీ నడిపాను. ఇప్పుడు అదే గదిలో మా అబ్బాయి జిరాక్సు మిషను పెట్టుకున్నాడు. అటక మీద మాత్రం నా సరుకు నాదే. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్లు చేసిన జపాన్ కంపెనీ 2016 జులైలో ఆ తయారీ ఆపేసిందని పేపర్లో చదివి వినిపిస్తే మా ఆవిడ ఆ పూట పాయసం వండింది. అటక ఖాళీ అవుతుందనుకుంది పాపం.

"ఇంట్లోకి కొత్త విడుదల" అంటే ఏమిటో మీ కాలం వాళ్లకు తెలియదు. శుక్రవారం సాయంత్రం దుకాణం ముందు నల్లబల్ల మీద సుద్దముక్కతో సినిమా పేరు రాసేవాణ్ణి. పేరు రాసే సమయానికి నా దగ్గర క్యాసెట్టు ఉండేది కాదు. "రేపు వస్తుంది" అనేవాణ్ణి. ఆ రేపు ఒక్కోసారి నెల పట్టేది. వచ్చిన ఒక్క క్యాసెట్టుకు పదహారు పేర్లు నోటు పుస్తకంలో ఎక్కేవి. డిపాజిట్టు 200, రాత్రికి అద్దె 10 రూపాయలు, ఆలస్యమైతే రోజుకు 2, వెనక్కు తిప్పకుండా ఇస్తే ఇంకో 2. ఆ చివరి రెండు రూపాయల కోసం నేను పడ్డ తగాదాలు ఆస్తి పంపకాల్లో కూడా జరగవు. "మీరిచ్చినప్పుడే చివర్లో ఉంది" అనేవారు. మరి సినిమా ఎలా చూశారండీ అంటే, "చివరి నుంచి మొదటికి చూశాం" అన్న మహానుభావుడు ఒకడున్నాడు, అడిక్‌మెట్‌లో.

పెళ్లిళ్లకు, సంక్రాంతికి వీసీపీ (క్యాసెట్టు ఆడించే పెట్టె), కలర్ టీవీ కలిపి రాత్రికి అద్దెకు ఇచ్చేవాణ్ణి. తోడు ఒక కుర్రాణ్ణి పంపేవాణ్ణి. రాత్రికి మూడు సినిమాలు. మొదటిది దేవుడిది, పెద్దవాళ్ల కోసం. రెండోది కొత్తది, అందరి కోసం. మూడోది తెల్లవారుజామున రెండింటికి మొదలయ్యేది, అది ఎవరి కోసమో ఎవరికీ తెలియదు. ఎందుకంటే అప్పటికి అందరూ నిద్రపోయేవాళ్లు, మా కుర్రాడితో సహా. ఒకసారి రెండో సినిమా మధ్యలో కరెంటు పోయింది. క్యాసెట్టు లోపల ఇరుక్కుంది. మర్నాడు నలుగురు మనుషులు వీసీపీని దుప్పట్లో పెట్టి, నాలుగు మూలలా పట్టుకుని, రామ్‌నగర్ గుండు మీదుగా దుకాణానికి మోసుకొచ్చారు. దారిలో ఇద్దరు చెప్పులు విడిచి దండం పెట్టారట.

వానాకాలం వస్తే టేపుకు బూజు. బూజు పట్టిన టేపు ఆడితే, టేపును చదివే హెడ్డుకు మడ్డి. తెర మీద మంచు కురిసేది. స్పిరిటు లేకపోతే పది రూపాయల నోటు అంచుతో హెడ్డు తుడిచేవాణ్ణి. ఇంకేమి పెట్టినా గీత పడుతుందని మా గురువు చెప్పాడు, ఆయనకు ఎవరు చెప్పారో అడగలేదు. ఇవి చాలనట్లు క్యాసెట్టు వేసిన కంపెనీ వాళ్లు తెర అడుగున ప్రకటనలు పరిగెత్తించేవారు. తల్లి కొడుకు ఒళ్లో ప్రాణం విడుస్తుంటే కింద చీరల తగ్గింపు ధరలు వెళ్లేవి. ఆడవాళ్లు ఏడుస్తూనే కొట్టు చిరునామా చదువుకునేవారు. మీ ఓటీటీ వాళ్లు ఇప్పుడు డబ్బు తీసుకుని మరీ మధ్యలో ప్రకటనలు వేస్తుంటే కొత్తగా ఆశ్చర్యపోతున్నారు జనం. మేము 1988లోనే వేశాం.

నేనేమీ పుణ్యాత్ముణ్ణి కాదు. రెండుసార్లు షట్టరు దించి వెనక గోడ దూకాను. కాబట్టి లింకు ఇస్తానన్న కుర్రవాడికి నా అనుభవం మీద చెబుతున్నాను. కెమెరా ప్రింటులో సినిమా కనిపించదు నాయనా, ప్రేక్షకుల తలలు కనిపిస్తాయి. వాటిలో ఒక తలను నేను గుర్తుపట్టాను. మా తోడల్లుడు.

సరే, అలవాటు చావదు కాబట్టి ఈ వారం ఇళ్లలోకి వచ్చిన కొత్త సరుకు గురించి కూడా నాలుగు మాటలు. మా అబ్బాయి ఫోనులో మూడు చూశాను. పేర్లు చెప్పను, వాళ్ల అభిమానులు మా జిరాక్సు కొట్టుకు వస్తారు.

మొదటిది హాలులో మూడు గంటలు నడిచిందట. ఇంటికి వచ్చేసరికి మరో ఇరవై నిమిషాలు కలిపారు. అంటే కూర తరిగేటప్పుడు తీసి పారేసిన పీచూ కాడలూ ఏరి, మళ్లీ కూరలో వేసి, ప్రత్యేకం అని రాసి వడ్డించారు. ఆ ఇరవై నిమిషాల్లో హీరో ఒక కొండ మీద నిలబడి ఉంటాడు. గాలి వీస్తుంది. నేను ఒక మిరపకాయ బజ్జీ పొట్లం తెచ్చుకుని తిన్నాక కూడా వీస్తూనే ఉంది.

రెండోది హాలులో శుక్రవారం వచ్చి సోమవారానికి పోయింది. ఇక్కడ మాత్రం "అందరూ చూస్తున్నది ఇదే" అని ఒకటో నంబరు బొమ్మ వేశారు. ఆ అందరిలో ఒకణ్ణి నేనే. చూద్దామని పెట్టలేదు, వేలు తగిలింది.

మూడోది బాగుంది. అందుకే దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పల్లెటూరు, ఇద్దరు అన్నదమ్ములు, ఒక బావి. దాని పరిచయ వాక్యం మాత్రం "ఒక యువకుడు తన గతాన్ని ఎదుర్కొంటాడు" అని పెట్టారు. మిగతా రెండింటికీ అదే వాక్యం. క్యాసెట్టు అట్ట వెనక నేను రాసుకునే వాక్యం ఇంతకంటే నయం. "ఏడుపు ఎక్కువ, రెండు పాటలు బాగున్నాయి, టేపు 40వ నిమిషంలో నలిగింది" అని నిజం రాసేవాణ్ణి.

ఇంకొక మాట. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి మరీ కూర్చుని, హాలులో వచ్చిన 8 వారాల తర్వాతే ఓటీటీకి అని తీర్మానించారు. ఇప్పుడు నాలుగు వారాలకే దిగుతున్నవి ఎన్ని లేవు? నేను నల్లబల్ల మీద "రేపు" అని రాసిన రోజుల్లో నన్ను అబద్ధాలకోరు అన్న వాళ్లు దీనికేమంటారు?

అల్లుడుగారూ, కోఠీలో మీకు కొత్తది దొరకదు. వెళ్తే వెళ్లండి, తిరిగి వచ్చేటప్పుడు మా ఇంటికి రండి. అటక మీద 2000 తర్వాతి వీసీడీలు రెండు అట్టపెట్టెలు ఉన్నాయి. మామగారికి కావలసినవి తీసుకెళ్లండి. డబ్బు వద్దు. మా ఆవిడ మీకే ఎదురు ఇస్తుంది.

మలక్‌పేట అల్లుడు:

ఆదివారం వెళ్లాను. ముందు ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ పుస్తకాల మధ్య చూశాను. డిస్కులు ఉన్నాయి గానీ కంప్యూటర్ పాఠాలవి. ఆ కంప్యూటర్లే ఇప్పుడు లేవు. అక్కడి నుంచి కోఠీ గుజరాతీ గల్లీ. నాలుగు కొట్లలో నవ్వారు. ఐదో కొట్టాయన నవ్వలేదు, "ఎవరికి, నాన్నగారికా?" అని అడిగాడు. మామగారికి అన్నాను. సెల్‌ఫోను గాజు అతికిస్తున్న పని ఆపి, బల్ల కింద చార్జర్ల వెనక నుంచి ఒక అట్టపెట్టె కాలితో ఇవతలికి లాగాడు. ఒక్కోటి 20 రూపాయలట. తిరగేసి చూశాను. ఊదా. ఇంకొకటి. ఊదా. పదకొండు చూశాక ఒకటి వెండిది దొరికింది. భజనలు. అత్తగారి కోసం కొన్నాను.

తర్వాత బాబాయి గారి ఇల్లు. చాయ్ ఇచ్చారు, ఉస్మానియా బిస్కెట్లు ఇచ్చారు, నిచ్చెన ఇచ్చారు. అటక ఎక్కి దిగేసరికి నా చొక్కా రంగు మారింది. పద్దెనిమిది సినిమాలు తెచ్చాను. మామగారు వరండాలో కుర్చీ వేసుకుని ఒక్కొక్కటి తీసి, పంచె చెంగుతో మధ్య నుంచి అంచుకు తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, పుస్తకంలో వరస నంబరు వేశారు. ఆ ముఖం చూస్తే మీకందరికీ ఒక చాయ్ బాకీ ఉన్నాననిపించింది. కొత్త సినిమా అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఒక్కటే లోటు. వాటిలో ఒకదానికి మొదటి డిస్కు మాత్రమే ఉంది. రెండోది లేదు. బాబాయి గారూ, అటక మీద ఎక్కడైనా విడిగా పడి ఉందేమో చూడగలరా? అట్ట మీద నంబరు 614.

రామ్‌నగర్ క్యాసెట్ల బాబాయి:

నా సరుకు విడిగా పడి ఉండటమన్నది జరగదు. నోటు పుస్తకం తీసి చూశాను. 614, 2006 ఆగస్టు 19న వెళ్లింది. 22న మొదటి డిస్కు ఒక్కటే తిరిగి వచ్చింది. రెండోది ఇంతవరకు రాలేదు. తీసుకెళ్లిన వారి పేరు ఇక్కడ రాయడం మర్యాద కాదు. చిరునామా గడిలో సీతాఫల్‌మండి అని ఉంది. ఉద్యోగం గడిలో గార్డు అని ఉంది.

మలక్‌పేట అల్లుడు:

బాబాయి గారూ, ఈ మాట మీద నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. ఇవాళ మధ్యాహ్నం అత్తగారి సహాయంతో 2006 డైరీ తీశాను. పెట్టె జోలికి వెళ్లలేదు, అంత ధైర్యం లేదు. ఆగస్టు 20న ఎర్ర సిరాతో ఇలా ఉంది: "బయలుదేరింది 9.05. చేరింది 11.29. ప్రయాణకాలం 6 నిమిషాలు తక్కువ. దుకాణదారు వివరణ ఇచ్చేవరకు రెండో డిస్కు ఆపి ఉంచడమైనది."

ఇన్నేళ్లుగా ఆపి ఉంచారు! రీలుపురుగు గారూ, మీరు చెప్పిన పాల్ సంగతి నేను మామగారికి ఇప్పటికి రెండుసార్లు వినిపించాను. బొమ్మలు, సెకన్లు అంటే ఆయన తల ఊపడం లేదు. రైలు భాషలో ఒక్క ముక్క చెప్పగలరా? డిస్కు విడిపించాలి.

రీలుపురుగు:

ఇలా చెప్పి చూడండి. బండిలో ఒక్క బోగీ కూడా తెగలేదు, ఒక్క స్టేషను కూడా వదల్లేదు. 24 కిలోమీటర్ల వేగంతో వెళ్లాల్సిన బండి 25తో వెళ్లింది. అందుకే 6 నిమిషాలు ముందు చేరింది.

మలక్‌పేట అల్లుడు:

చెప్పాను. ఇది వెంటనే అర్థమైంది. కళ్లద్దాలు తీసి, చాలాసేపు ఆలోచించి, ఒకటే అడిగారు: "వేగం పెంచమని రాతపూర్వకంగా అనుమతి ఎవరిచ్చారు?"

డిస్కు ఇంకా పెట్టెలోనే ఉంది. బాబాయి గారూ, ఆ రోజుకు రెండు రూపాయల లెక్క దయచేసి ఇప్పుడే వేయకండి.